మందిరం ముంగిట పూలు ఎవరివి?



మత్తయి సువార్త ఆరో అధ్యాయం మీద వాక్యం చెప్పిన ప్రతిసారీ, కూటం ముగిశాక ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు. ప్రభువు శిష్యులకు చూపించిన ఆ అడవిపువ్వులు ఏ పువ్వులు? వెనుకట ఈ ప్రశ్న పెద్దవాళ్లు అడిగేవారు. ఇప్పుడు యువకులు ఫోన్లో బొమ్మ పట్టుకొని వస్తున్నారు. ఊదా రంగు పువ్వు, మూడు రేకులు పైకి లేచి, మూడు రేకులు కిందికి వాలి ఉంటాయి. వాలిన రేకు మీద నూగు నూగుగా గడ్డం మొలిచినట్టు వెంట్రుకలు. దాని పేరు ఐరిస్. "ఇదేనట అయ్యగారూ, గడ్డలు ఆన్‌లైన్‌ల దొరుకుతున్నయి, మందిరం ముంగట పెడదామా?" అని అడుగుతున్నారు. పైన గడ్డం, కింద గడ్డ ఉన్న ఈ పువ్వు గురించి, దాని వంకతో మన మందిరాల ముంగిట ఉండాల్సిన పూలమడి గురించి, దసరా ముందు మా సంఘంలో లేచిన ఒక పేచీ గురించి ఈసారి రాస్తున్నాం.

ముందు ఆ ప్రశ్నకు జవాబు. సువార్తలో గ్రీకు మాట క్రినోన్. అది ఫలానా పువ్వే అని పండితులు ఒక్క మాట మీద లేరు. వానలు వెలిసిన తర్వాత గలిలయ కొండల మీద ఎర్రగా పరుచుకునే ఎనిమోన్ అని కొందరు అన్నారు. ఐరిస్ అని కొందరు అన్నారు. ఏదో ఒకటని కాదు, ఆ కొండ మీద ఆ రోజు పూసి ఉన్నవన్నీ అని మరికొందరు అన్నారు. మన తెలుగు అనువాదకులు మాత్రం సువార్తలో ఏ పేరూ పెట్టకుండా అడవిపువ్వులు అన్నారు. పాత నిబంధనలో హెబ్రీ మాట షోషాన్ వచ్చినచోట, పరమగీతములోనూ హోషేయలోనూ, పద్మము అనీ తామర అనీ రాశారు. ఆ దేశపు పువ్వు మన కంటికి తెలియదు కాబట్టి, చెరువు గట్టున నిలబడ్డ తెలుగువాడికి ఏది కనిపిస్తుందో అది పెట్టారు. అది మంచి పనే అని మా అభిప్రాయం. పువ్వు పేరు తెలియకపోతే వాక్యం ఆగిపోదు.

అయితే ఐరిస్ కూడా బైబిలు నేల పువ్వే. గిల్బోవ కొండల మీద ఊదా రంగు ఐరిస్ ఒకటి శీతకాలం చివర పూస్తుంది, ఆ కొండ పేరే దానికి పెట్టారు. ఇప్పుడు అక్కడ దాన్ని తెంపడం చట్టప్రకారం నేరం. సౌలు, యోనాతాను పడిపోయింది ఆ కొండ మీదనే. ఆ వార్త విన్న దావీదు దుఃఖంతో ఆ కొండలను శపించాడు, వాటి మీద మంచు గాని వాన గాని పడవద్దని అన్నాడు (2 సమూయేలు 1:21). దావీదు అంత మాట అన్న కొండ మీద ఏటా పూలు పూస్తున్నాయి. శాపాన్ని దేవుడు ఎలా విన్నాడో, పూలను ఎలా పూయించాడో మనకు తెలియదు. మాకు మాత్రం ఆ కొండ గుర్తొచ్చినప్పుడల్లా, మనుషుల నోటి మాట కంటే దేవుని వాన పెద్దదని అనిపిస్తుంది. ఈ సంగతి కింద మళ్లీ పనికొస్తుంది.

ఇక అసలు మాట. ఆ ఐరిస్ మన దగ్గర బతుకుతుందా? పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో గోదావరికి ఇవతలా అవతలా తిరిగే వాళ్లం కాబట్టి చెప్తున్నాం: డబ్బులు పెట్టకండి. గడ్డం ఐరిస్ దుంప అల్లం కొమ్ములా నేల మీదనే పడుకొని ఉంటుంది. దాని వీపుకు ఎండ తగలాలి, చలికాలంలో నెలల తరబడి గట్టి చలి తగలాలి. ఆదిలాబాద్‌లో డిసెంబరు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి, నిజమే. కానీ ఆ చలి ఎన్నాళ్లు? మే నెల రాకముందే పాత పెంకుటిల్లు కూడా పొయ్యిలా కాలుతుంది. ఎండకు తట్టుకున్నా, జూలై ఆగస్టు ముసురుకు ఆ దుంప కుళ్లిపోతుంది. అటువైపు నల్లరేగడి నేలలో నీళ్లు నిలిస్తే ఇంక చెప్పనే అక్కరలేదు. మన దేశంలో ఆ పువ్వు ఇల్లు కశ్మీరు. అక్కడ సమాధుల మీద ఐరిస్ నాటడం పాత ఆచారం. మట్టి కింద మనిషి, మట్టి మీద ఆ దుంప, చలి పోగానే పువ్వు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తి పట్టుకొని నిలబడే మనకు ఆ ఆచారం వెంటనే అర్థమవుతుంది. ఆచారం మనం తీసుకోవచ్చు. పువ్వు మాత్రం మన నేల పువ్వే పెట్టుకోవాలి.

మన నేల పువ్వు అంటే మా ఓటు లిల్లీకి. పుస్తకాల్లో నేల సంపెంగ అంటారు, హిందీలో రజనీగంధ. మన మార్కెట్లో మాత్రం లిల్లీ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. కొందరు విశ్వాసులు బైబిలు లిల్లీ ఇదే అనుకుంటారు. కాదు. ఇది మెక్సికో నుంచి వచ్చిన మొక్క, ప్రభువు కాలంలో యూదయలో లేదు. ఆ సంగతి చెప్తే కొందరి మొహం చిన్నబోతుంది, కానీ అబద్ధం చెప్పి పువ్వును పెద్దది చేయాల్సిన పని లేదు. ఆ సాయంకాలపు వాసన చాలు దానికి.

పెట్టే పద్ధతి కష్టమైనదేమీ కాదు, కానీ ఒక పద్ధతి ఉంది. చెల్క నేలైతే సగం పని అయిపోయినట్టే. రేగడి నేలైతే మడి ఎత్తుగా కట్టి, ఇసుక, బాగా చివికిన పెంట ఎరువు కలపాలి. పచ్చి పెండ వేస్తే గడ్డ కుళ్లుతుంది. గడ్డలు తెచ్చిన వెంటనే నాటవద్దు. నీడలో, గాలి తగిలేచోట ఒక నెల ఆరబెట్టి ఉంచాలి. మృగశిర కార్తెకు తొలకరి పడ్డాక నాటితే నీళ్లు మోసే బాధ తప్పుతుంది. పెద్ద ఉసిరికాయంత గడ్డలు ఏరుకోవాలి, అంతకంటే చిన్నవి ఆ ఏడు పూయవు. రెండు అంగుళాల లోతు, గడ్డకూ గడ్డకూ జానెడు ఎడం చాలు. మొక్క తేరుకున్నాక మూడు నాలుగు నెలలకు కాడ వేస్తుంది. ఒంటిరెక్క రకం విడిపూలకు, ముద్ద రకం కాడలకు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తీసిన ప్రజ్వల్ అనే ఒంటిరెక్క రకం దండకూ కాడకూ రెండింటికీ పనికొస్తుంది. మొగ్గ మీద కొంచెం గులాబీ ఛాయ ఉంటే అదే.

లిల్లీకి మందు కొట్టడం కంటే ముందు చేయాల్సింది పక్కన బంతి నాటడం. నేలలో కంటికి కనిపించని నులిపురుగులు లిల్లీ వేళ్లకు బుడిపెలు కట్టిస్తాయి. బంతి వేరులో ఉండే గుణం వాటికి పడదు. అందుకే మడి చుట్టూ బంతి పెడతాం, మడిలో కొంచెం వేపపిండి వేస్తాం. బంతి కాపలా కాస్తుంది, పూలూ ఇస్తుంది. ఆ బంతి పూల దగ్గరే ఈ ఏడు పేచీ వచ్చింది, చెప్తాం.

బోరింగు దగ్గర, నల్లా దగ్గర నీళ్లు పారే జాగలో లిల్లీ పెట్టకండి. అక్కడ మెట్టతామర పెట్టండి. ఎర్రదో పసుపుదో, ఏదైనా ఆ తడిని తాగి నిలబడుతుంది. పూసిన కాడను మొదట్లోకి కోసేస్తే పక్క నుంచి కొత్తది లేస్తుంది. ఆదిలాబాద్ అడవుల్లో వానాకాలం కంచెల మీదికి పాకి, మంట రేగినట్టు పూసే అడవినాభి ఉంది. దానికంటే అందమైన అడవిపువ్వును మేము చూడలేదు. ఆకుపచ్చగా మొదలై, పసుపై, ఎరుపై, రేకులన్నీ పైకి తిరిగి ఉంటుంది. దాన్ని మాత్రం సండే స్కూలు పిల్లలు తిరిగే జాగకు తేవద్దు. దాని గడ్డ విషం. నాగలి ఆకారంలో ఉండే ఆ గడ్డను తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కొన్ని పూలను అడవిలోనే చూసి దేవుణ్ణి స్తుతించి రావాలి.

కోతుల సంగతి అడగకండి. దాని మీద వేరే రాస్తాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. లిల్లీ పెట్టిన చాలామంది రెండేళ్లు సంతోషపడి, మూడో ఏడు "మొక్కలు గుంపుగా గుబురుగా ఉన్నయి గానీ పూలే లేవు" అంటారు. ఎరువు వేస్తారు, మందు వేస్తారు, నీళ్లు ఎక్కువ పెడతారు. లోపం అక్కడ లేదు. ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు. దాని పక్కన పుట్టిన పిల్లగడ్డలే పూయాలి. పిల్లలు లావెక్కాలంటే జాగ కావాలి. తల్లిగడ్డ చుట్టూ ఇరవై ముప్పై పిల్లలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటే ఏ ఒక్కటీ పూసేంత లావు కాదు. ఆ విదేశీ ఐరిస్ దుంపది కూడా ఇదే కథ. పూసిన దుంప పని అయిపోయింది, పక్క కొమ్మలే ముందుకు పోవాలి, మూడు నాలుగేళ్లకోసారి తవ్వి విడదీయాలి. చలికాలంలో నీళ్లు తగ్గించి, ఆకు పండుబారాక గడ్డపార వేసి మొత్తం గుంపును పైకి లేపాలి. మన్ను దులపాలి. కుళ్లినవి పక్కకు, పూసి పీచు మిగిలినవి పక్కకు, పిల్లలు ఒక పక్కకు వేయాలి.

అప్పుడు ఒక గమ్మత్తు జరుగుతుంది. ఒక్క గజం మడిలో నుంచి మూడు గజాలకు సరిపోయే గడ్డలు వస్తాయి. జాగ అంతే ఉంది. ఏం చేస్తారు? మళ్లీ అన్నీ అక్కడే కుక్కితే మూడో ఏటి సంగతి మళ్లీ మొదలవుతుంది. ఇచ్చేయాల్సిందే. పంచిపెట్టడం అనేది పూలతోట పెంచినవాడి మంచితనం అనుకుంటాం. అది తోట పనిలో భాగం, నీళ్లు పెట్టినట్టు, కలుపు తీసినట్టు. ఇవ్వని తోట పూయదు, అంతే.

ఇది చెప్తుంటే కొందరు సంఘ పెద్దలు వెంటనే దీన్ని సంఘం మీదికి తీసుకుపోయి, "మీరు మన సంఘాన్ని విడగొట్టి గూడెంలో వేరే ప్రార్థన పెట్టాలంటున్నారా" అని అడుగుతారు. ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చే గూడెం వాళ్లకు అక్కడే ఒక పాక వేస్తే మంచిదని మేము చాలా రోజులుగా అంటున్నాం, దానికి లిల్లీ సాక్ష్యం అక్కరలేదు. ఇక్కడ మాట పూల గురించే.

మన మందిరాల్లో బల్ల మీద ఏం పూలు ఉన్నాయో ఒకసారి చూడండి. చాలా చోట్ల ప్లాస్టిక్‌వి. క్రిస్మస్‌కు కొన్నవి, ఈస్టరుకు దుమ్ము దులిపినవి, కోత పండుగకు రంగు వెలిసినవి. ఖర్చు తక్కువ, వాడిపోవు అంటారు. వాడిపోకపోవడమే వాటి లోపమని మేము అంటాం. గడ్డి ఎండుతుంది, పువ్వు వాడుతుంది అని యెషయా నలభయ్యో అధ్యాయంలో చెప్పిన సంగతిని ఆదివారం తెచ్చి బుధవారానికి వాలిపోయిన లిల్లీ కాడ మనకు మాట లేకుండా చెప్తుంది. ప్లాస్టిక్ పువ్వు ఆ వాక్యాన్ని కాదంటూ నిలబడి ఉంటుంది. ప్రభువు కూడా ఆ అడవిపువ్వుల గురించి చెప్పినప్పుడు అవి నేడుండి రేపు పొయ్యిలో పడేవే అన్నాడు. కట్టెలు కరువైన ఆ దేశంలో ఎండిన గడ్డీ గాదమే రొట్టెల పొయ్యికి వంటచెరకు. రేపు పొయ్యిలో పడేదాన్ని దేవుడు ఇవాళ అంత అందంగా అలంకరించాడు కదా అన్నదే అక్కడి ఓదార్పు. పొయ్యిలో పడని పువ్వును చూపించి ఆ ఓదార్పు చెప్పలేం.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: పూలు మనవి కావు, పూజలు చేసేవాళ్లవి. ఈ మాట గట్టిగా నమ్మే విశ్వాసులు మా మధ్య ఉన్నారు, వాళ్ల భక్తిని మేము చులకన చేయం. బాప్తిస్మం రోజు తల్లో పూలు తీసేసి, మళ్లీ పెట్టుకోని అక్కలు ఉన్నారు. అది వాళ్లు ప్రభువుతో చేసుకున్న తీర్మానం. కానీ దాన్ని అందరి మీదా చట్టంగా పెట్టేవాళ్లు పేతురు పత్రికను తెరిచి చూపిస్తారు. 1 పేతురు 3:3లో జడల మాట ఉంది, బంగారం మాట ఉంది, బట్టల మాట ఉంది, పువ్వు మాట లేదు. బంగారం గొలుసు వేసుకొని వచ్చి పువ్వు పెట్టుకున్న పిల్లను కోప్పడడం ఏ వచనం ప్రకారమో మాకు అర్థం కాదు. సొలొమోను మందిరం ముందు నిలిపిన యాకీను, బోయజు స్తంభాల మీద ఉన్నది పువ్వుల పనే. ఇత్తడి సముద్రం అంచు పువ్వులాగే మలిచారు (1 రాజులు 7). గుడారంలో దీపస్తంభం బాదం పువ్వుల గిన్నెలతో ఉంది. అహరోను చేతికర్ర ఒక్క రాత్రిలో చిగురించి పూసింది. ఇన్ని పూలు పెట్టుకున్న దేవుణ్ణి ఆరాధిస్తూ, పూలు మనవి కావు అనడం ఎలా?

ఇక పేచీ. మహాలయ అమావాస్య దగ్గర పడగానే ఊళ్లో బతుకమ్మ. తొమ్మిది రోజులు. వెనుకట పిల్లలు పొద్దున్నే సంచులు పట్టుకొని పొలం గట్ల మీదికి పోయి తంగేడు, గునుగు, కట్లపూలు తెచ్చుకునేవారు. ఇప్పుడు గట్లే సన్నబడ్డాయి. మక్క చేన్లో, పత్తి చేన్లో గడ్డిమందు కొట్టాక గునుగు ఎక్కడుంటుంది? దానికి బదులు బంతి మీద పడుతున్నారు. మా మందిరం మడి చుట్టూ ఉన్న బంతి అప్పటికి నిండుగా పూసి ఉంటుంది, లిల్లీ కూడా. పక్క వాడకట్టు పిల్లలు గేటు దగ్గర నిలబడి అడిగారు. ఆ రోజు మడి చూసుకుంటున్న అక్క ఏం చెప్పాలో తెలియక మా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, బతుకమ్మకు పూలు తెంపుకపోతమంటున్నరు. ఇయ్యాల్నా, వద్దా?"

మేము ఇవ్వమన్నాం. ఆ ఆదివారం సాయంకాలం పెద్దలు కూర్చోబెట్టి అడిగారు. ఎందుకో తెలిసి తెలిసి ఇచ్చినప్పుడు అందులో పాలు పొందినట్టే కదా అన్నది వాళ్ల మాట. ఊరికే కొట్టిపారేసే మాట కాదు అది. పౌలు కొరింథీయులకు రాస్తూ, అంగట్లో అమ్మేది ఏదీ అడగకుండా తినండి, భూమి ప్రభువుది అన్నాడు. వెంటనే, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెప్తే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకండి అని కూడా అన్నాడు (1 కొరింథీయులకు 10:25-28). పెద్దలు రెండో మాట పట్టుకున్నారు. మేము వాళ్లకు చెప్పింది ఇది: పౌలు అక్కడ మాట్లాడేది మన నోట్లోకి వచ్చేదాని గురించి. పక్కింటి పిల్ల చేతిలోకి పోయేదాని గురించి కాదు. చేను కోసేటప్పుడు అంచులు వదిలేయాలని, పరిగె ఏరుకోవద్దని, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం చెప్పింది (లేవీయకాండము 19:9-10). ఆ గింజలతో వాళ్లు ఏం చేస్తారో, ఏ దేవుడికి మొక్కుతారో అడిగి ఇవ్వమని అక్కడ లేదు. చెడ్డవారి మీదా మంచివారి మీదా ఒకే ఎండ, ఒకే వాన అని ప్రభువే చెప్పాడు (మత్తయి 5:45). మా బంతి పూసింది ఆ ఎండకు, ఆ వానకే. మేము పోసిన నీళ్లు ఎన్ని?

ఇంకో సంగతి కూడా అడిగాం, అది విని కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన సంఘంలోనే అరెకరం, ఎకరం బంతి వేసే రైతులు ఉన్నారు. ఆ తోట దసరాకు చేతికి రావాలని లెక్క వేసుకొని నారు పోస్తారు. ఆ పూలు కరీంనగర్ మార్కెట్‌కు పోతాయి, కొందరివి హైదరాబాద్ గుడిమల్కాపూర్‌కు పోతాయి. అవి ఎక్కడికి పోయి ఏ గుమ్మానికి, ఏ బతుకమ్మకు ఎక్కుతాయో అందరికీ తెలుసు. ఆ డబ్బులో దశమభాగం సంచిలో పడినప్పుడు మనం ఆమెన్ అన్నాం. అమ్మితే తప్పు లేనిది ఉత్త చేతులకు ఇస్తే తప్పెలా అయింది?

దీనివల్ల మన ఆడవాళ్లు బతుకమ్మ ఆడవచ్చా అని వెంటనే అడిగారు. అది వేరే ప్రశ్న, దానికి మా జవాబు మారలేదు. మన ఆరాధన ఒక్కరికే. కానీ ఆరాధించకపోవడం వేరు, అక్కచెల్లెళ్లకు చేయి విదిలించడం వేరు. మా సంఘంలో విశ్వాసంలోకి వచ్చిన చాలామంది అక్కల తల్లిగారింట్లో ఇంకా బతుకమ్మ పేరుస్తారు. తొమ్మిది రోజుల్లో చెల్లెలు వచ్చి గుప్పెడు బంతి అడిగితే గేటు వేసుకున్న ఇల్లు, డిసెంబరులో అదే చెల్లెల్ని క్రిస్మస్ కూటానికి రమ్మని ఏ మొహంతో పిలుస్తుంది? ఒక అక్క ఈ మాట అనేసి ఏడ్చింది. నాలుగేళ్లుగా చెల్లెలు మాట్లాడటం లేదట, ఇలాంటిదే ఒక పూల మాట మీద. సువార్తకు అడ్డం సిలువ అయితే అడ్డమే కానివ్వండి. బంతి పువ్వు అడ్డం కాకూడదు.

ఒప్పుకోని పెద్దలు ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాళ్ల ఇంటి ముందు పూలు వాళ్ల ఇష్టం. మందిరం మడి మాత్రం అందరిది అని సంఘం తీర్మానించింది, వాళ్లూ దానికి అడ్డం రాలేదు. అందుకు వాళ్లకు వందనాలు.

మా అభిప్రాయం చదివే పాస్టర్లు కొందరు "మాకు జాగ లేదు, నీళ్లు లేవు, తీరిక లేదు" అనవచ్చు. జాగ అంటే రెండు చాపలంత చాలు. నీళ్లు లిల్లీకి ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, వానాకాలంలో అవసరమే ఉండదు. తీరిక సంగతికి వస్తే, ఆదామును ఏదెను తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచడానికి, కాయడానికి (ఆదికాండము 2:15). మన పరిచర్యల్లో అన్నిటికంటే పాతది అదే. తిరిగి లేచిన ప్రభువును చూసి మగ్దలేనే మరియ తోటమాలి అనుకుంది. ఆమె పొరపడిందని మనం చెప్తాం గానీ, ప్రభువు ఆ పోలికకు నొచ్చుకున్నట్టు యోహాను రాయలేదు.

ఎవరికైనా గడ్డలు కావాలంటే ఫిబ్రవరి నెలాఖరులో తవ్వుతున్నాం. శనివారం పొద్దున, ఎండ ముదరకముందే. ఈసారి మూడేళ్ల మడి లేపుతున్నాం కాబట్టి చాలా ఉంటాయి. పాత గోనెసంచి తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవరులో వేస్తే దారిలోనే ఉమ్మెక్కుతాయి. ఇంటికి తీసుకుపోయి నీడలో ఆరబోయండి, కడగకండి. లావువి, చిన్నవి వేరు చేసి కట్టండి. చిన్నవి ఈ ఏడు పూయవు, ఒక మూలకు నాటి మరిచిపోండి, వచ్చే ఏడు గుర్తు చేస్తాయి. ఏ ఊరివాళ్లైనా రావచ్చు, మన సంఘమే కానక్కరలేదు. సద్దుల బతుకమ్మ నాటి పొద్దున కూడా గేటు తెరిచే ఉంటుంది. బంతి తెంపేవాళ్లు కత్తెర తెచ్చుకుంటే మొక్కలు వేళ్లతో సహా ఊడిరాకుండా ఉంటాయి, పిల్లలకు చెప్పి పంపండి.